ఫాస్ట్‌క్యూ ఫైళ్లను ఎప్పుడు తీసివేయవచ్చు?

ప్రశ్న: మనిషి డీఎన్‌ఏ నమూనాలను చదివిన యంత్రం ఇచ్చే ఫాస్ట్‌క్యూ ఫైళ్లతో మా ప్రయోగశాల డిస్కులన్నీ నిండిపోయాయి. రీడ్‌లను (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కలను) రిఫరెన్స్‌తో (ప్రామాణిక జీనోమ్‌తో) అలైన్ చేసి, అంటే సరిపోయే చోట అమర్చి, కుదించిన క్రామ్ ఫైళ్లుగా మార్చుకున్నాక ఫాస్ట్‌క్యూలను తీసివేయవచ్చునా? ఇంత డేటాను క్రమంగా ఉంచడానికి ఏ సాఫ్ట్‌వేర్ అనువైనది?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: తీసివేయవచ్చు. అయితే ఆ క్రామ్ నుంచి మీ రీడ్‌లన్నీ యథాతథంగా తిరిగి వస్తున్నాయని పరీక్షించి చూసుకున్న తరువాతే ఆ పని చేయండి.

ఫాస్ట్‌క్యూలో ప్రతి రీడ్‌కు నాలుగు వరుసలుంటాయి: పేరు, డీఎన్‌ఏ క్షారాల (ఎ, సి, జి, టి) అక్షరాలు, కూడిక గుర్తు, చివరగా ఒక్కో అక్షరానికి ఒక్కో నాణ్యతా గుర్తు. ఈ నాణ్యతా వరుసలో ప్రశ్నార్థకం కనిపిస్తే దాని విలువ 30, అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం వెయ్యింటిలో ఒకటి. ఆశ్చర్యార్థకం కనిపిస్తే విలువ సున్నా. మనిషి జీనోమ్‌లోని సుమారు 300 కోట్ల అక్షరాలను సగటున 30 సార్లు చదివితే 9,000 కోట్ల అక్షరాలు, వాటికి అన్నే నాణ్యతా గుర్తులు కలిసి, పేర్లను లెక్కించకుండానే, కుదించని ఫైలు 180 గిగాబైట్లవుతుంది. క్రామ్ అక్షరాలన్నిటినీ రాయదు, రిఫరెన్స్‌తో తేడాలను మాత్రమే రాస్తుంది కనుక ఆ భాగం బాగా తగ్గిపోతుంది. మిగిలే బరువులో ఎక్కువ పాలు నాణ్యతా గుర్తులదే. నోవాసీక్ 6000 వంటి డీఎన్‌ఏ చదివే యంత్రాలు నాణ్యతను నాలుగు స్థాయిలకే పరిమితం చేయడానికి ఇదొక కారణం.

నష్టం సాధారణంగా క్రామ్ వల్ల కాదు, దానికి ముందు జరిగిన పనుల వల్ల కలుగుతుంది. అలైన్ చేసే ముందు అడాప్టర్లను (చదవడం కోసం ముక్కల చివర్లకు అతికించే కృత్రిమ డీఎన్‌ఏను) కత్తిరించి ఉంటే ఆ అక్షరాలు ఇక దొరకవు. రిఫరెన్స్‌కు అతకని రీడ్‌లను వడపోసి ఉంటే, రేపు ఎవరైనా ఆ నమూనాలో వైరస్ జాడ వెతకాలనుకున్నప్పుడు వెతకడానికి ఏమీ మిగలదు. నాణ్యతా విలువలను సవరించి పాతవాటిని ఉంచకపోతే అవీ పోయినట్లే. అందువల్ల శామ్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో క్రామ్‌ను మళ్లీ ఫాస్ట్‌క్యూగా మార్చి, రెండింటినీ రీడ్ పేర్ల వరుసలో పేర్చి, అక్షరాలనూ నాణ్యతా గుర్తులనూ పోల్చండి. ఫైళ్ల చెక్‌సమ్‌లను (ఫైలులోని డేటా అంతటి నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్యలను) నేరుగా పోల్చడం దండగ. రీడ్‌ల వరుస మారిపోయి ఉంటుంది కాబట్టి డేటా అంతా భద్రంగా ఉన్నా అవి కలవవు.

రిఫరెన్స్ ఫైలును క్రామ్‌తో సమానంగా కాపాడండి. క్రామ్ శీర్షికలో ప్రతి క్రోమోజోమ్‌కూ ఎండీ5 గుర్తు (ఒక రకం చెక్‌సమ్) ఉంటుంది కనుక వేరే రిఫరెన్స్ ఇస్తే పట్టుబడుతుంది, కానీ అసలుది పోతే ఆ గుర్తు దానిని తెచ్చిపెట్టలేదు.

నిర్వహణకు ఐరాడ్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించమంటాను. బ్రిటన్‌లోని వెల్‌కమ్ సాంగర్ జీనోమ్ పరిశోధన సంస్థ వాడుతున్నది ఇదే. ఫైలు ఏ డిస్కులో ఉన్నా, నమూనా సంఖ్య, లైబ్రరీ (చదవడానికి సిద్ధం చేసిన డీఎన్‌ఏ), యంత్రం నడిపిన తేదీ, రిఫరెన్స్ వెర్షన్ వంటి వివరాలను దానికే తగిలించి, వాటితోనే వెతుక్కోవచ్చు. ఆ వివరాలను ఫైలు పేర్లలో ఇరికించే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి, ఎందుకంటే ఒక్క పేరు మారితే ఆ రీడ్‌లు ఎవరివో చెప్పేవారుండరు. మీవి మనిషి నమూనాలు కనుక ప్రచురణ వేళ వాటిని ఈజీఏ, డీబీగ్యాప్ వంటి అనుమతితో తెరిచే భాండాగారాలకే ఇచ్చి, అక్కడ లభించిన అక్సెషన్ (నమోదు) సంఖ్యను కూడా ఐరాడ్స్‌లోని ఆ ఫైలు వివరాల్లో చేర్చండి.