శ్రీకాకుళం, విజయనగరం వైపు స్కూబా, స్నార్కెలింగ్ కుదురుతాయా?

మీరు అడిగినవి మూడు సంగతులు. అండమాన్ దాకా పోకుండా మన సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం తీరంలో స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని లోపలికి దిగడం) గానీ, స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని పైన తేలుతూ చూడటం) గానీ చేసి చేపల్ని చూడొచ్చా? కెరటాల పోటు తక్కువగా ఉండే చిన్న మలుపులాంటి చోటు ఏదైనా ఉందా? మీ ఆవిడకు ఈత రాదు, ఆవిడ కూడా దిగొచ్చా?

చూడొచ్చు. కాకపోతే తారీఖు మాత్రం మీరు పెట్టుకోకండి. నేను పెట్టుకుని ఒకసారి డబ్బు నీళ్లలో పోసుకున్నాను.

ముందు చోటు సంగతి. శ్రీకాకుళం జిల్లా తీరం 190 కిలోమీటర్ల పైచిలుకు, రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే పొడవు. కానీ అందులో ఎక్కువ భాగం గీత గీసినట్టు తిన్నగా సాగే ఇసుక. కళింగపట్నం, భావనపాడు, బారువ ఎంత అందమైన ఒడ్డులైనా అక్కడ మాస్క్ పెట్టుకుని తల ముంచితే కనిపించేది ఇసుకా, కెరటం లేపిన బురదా. దానికి తోడు వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఏరు కలిసే చోట నీరు మురికిగా ఉండటమే కాదు, లోపలికి లాగుతుంది కూడా. అక్కడ స్నార్కెలింగ్ ఆలోచన పెట్టుకోకండి. ఒడ్డున కాళ్లు తడుపుకుని, లైట్‌హౌస్ చూసి, వచ్చేయండి.

చేపలు కావాలంటే రాళ్లు కావాలి. ఇసుకలో దాక్కోడానికి చోటుండదు, రాతి సందుల్లో ఉంటుంది. అలాంటి రాళ్లు మనకు దగ్గర్లో ఉన్నది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర. అక్కడి లైట్‌హౌస్ కూడా ఆ రాళ్ల వల్ల వచ్చిందే. భీమునిపట్నం రేవుకు వచ్చే ఓడలు సముద్రంలోని రాళ్లకు కొట్టుకోకుండా పూర్వం కట్టారు. ఓడలవాళ్లకు భయం పెట్టిన రాళ్లే ఇప్పుడు మనకు వేడుక. అయితే సినిమాల్లో చూపించే నీలం మడుగులాంటిది ఊహించుకోకండి. రాళ్ల వెనక కెరటం కాస్త మెత్తబడుతుంది, అంతే.

ఇక నా మొదటి అనుభవం. దసరా తర్వాత విజయనగరంలో జరిగే సిరిమాను పండక్కి బెంగళూరు నుంచి మా ఆడపడుచు కుటుంబం వచ్చింది. సిరిమాను చూశాం, మర్నాడు ఏం చేద్దాం అంటే మా మేనల్లుడు స్కూబా అన్నాడు. విశాఖ వైపు నుంచి తీసుకెళ్లేవాళ్లకు ఫోన్ చేస్తే "ఫర్వాలేదు మేడమ్, రండి, కనపడుతుంది" అన్నారు. చింతపల్లి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "నీరింకా తేరలేదమ్మా. ఏరు నీరంతా సంద్రంలోకొచ్చీసింది. ఇప్పుడు దిగితే నీ చెయ్యి నీకే అగుపడదు. సంకురాత్రి ఎల్లాక రండి" అన్నాడు. మేం నవ్వి ఊరుకున్నాం.

దిగాక నా చెయ్యి నాకే అగుపడలేదు. నిజంగానే. పలచటి టీ నీళ్లలో మునిగినట్టుంది. శిక్షకుడు కాళ్లకు తొడుక్కున్న పసుపు రంగు ఫిన్స్ అప్పుడప్పుడూ కనిపించి మాయమవుతుంటే చేపల మాట దేవుడెరుగు, మనిషి కనిపిస్తే చాలనిపించింది. పైగా నాకు జలుబు. రెండు మీటర్లు దిగేసరికి చెవిలో సూది గుచ్చినట్టయింది. పైకి వచ్చేశాను. ఇంకో ఘనకార్యం కూడా చేశాం. ఆ రాత్రికే మా ఆడపడుచు వాళ్లకు విశాఖ నుంచి విమానం. స్కూబాకు తీసుకెళ్లినవాళ్లూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఒక్క డైవ్ తర్వాతైనా కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదని తర్వాత తెలిసింది. లోతులో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఆ లోపే విమానంలో పైకెళితే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కట్టొచ్చు. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా తెలివి కాదు.

పెద్దాయన మాటకు కారణం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. వానలకు గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన నీరంతా అలా మన ముందు నుంచే వెళ్లాలి. దానికి మన నాగావళి, వంశధార, చంపావతి తోడు. పైగా అది తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులో వచ్చినవే. ఫిబ్రవరి నాటికి ప్రవాహం తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. ఏర్లు ఎండిపోయి ఉంటాయి, సముద్రం కూడా నెమ్మదిస్తుంది. ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను. ఆయన వల విప్పుతూ చెప్పేశాడు.

మరుసటి ఏడు ముందే ఆయన ఫోన్ నంబరు తీసుకుని పెట్టుకున్నాను. శివరాత్రి దాటాక రోజు మార్చి రోజు ఫోన్ చేసేదాన్ని. విసుక్కోకుండా చెప్పేవాడు. లంగరు తాడు నీళ్లలో ఎన్ని బారల లోతు దాకా కనబడుతోందో అదే ఆయన లెక్క. ఒక బార అంటే వద్దు. రెండు బారలంటే మీ ఇష్టం. ఒక సాయంత్రం ఆయనే చేశాడు, "మూడు బారలు అగుపడతంది. రేపు పొద్దున్నే వచ్చీయండి, గాలి లేవకముందే దిగిపోవాల" అని. ఆఫీసుకు సెలవు పెట్టేశాను. ఈసారి మరిది, తోటికోడలు వచ్చారు. తీసుకెళ్లినవాళ్లు కూడా వేరు. ఆరోగ్యం గురించి రెండు పేజీల కాగితం నింపించారు, చెవులు ఎలా తెరవాలో ఒడ్డునే అరగంట నేర్పించారు.

రాళ్ల దగ్గర ఏడెనిమిది మీటర్ల లోతు. అండమాన్‌లా రంగురంగుల పగడాల తోట కాదిది, ఆ ఆశతో వెళ్తే నిరాశే. నత్తగుల్లలు, ఆల్చిప్పలు పట్టేసిన నల్లరాయి, దాని మీద స్పాంజీలు, అక్కడక్కడా విసనకర్రలా విచ్చుకున్న మెత్తటి పగడం. మొదటి ఐదు నిమిషాలు నాకు ఏమీ కనబడలేదు. శిక్షకుడు నా భుజం పట్టుకుని ఒక రాయి ముందు ఆపేశాడు. కదలొద్దని సైగ చేశాడు. అప్పుడు మొదలైంది.

ముందు వినబడింది. ఆవాలు పోపులో చిటపటలాడినట్టు నాలుగు పక్కల నుంచీ చప్పుడు. నా సిలిండర్ ఏమైనా లీకవుతోందా అని టెన్షన్ పడ్డాను. రాతి సందుల్లో ఉండే చిన్న రొయ్యలు గోళ్లు టప్పున మూసినప్పుడు వచ్చే శబ్దమట అది. నీళ్లలో చప్పుడు గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి ఎటు నుంచి వస్తోందో మన చెవికి తెలియదు. తర్వాత వేలెడంత పసుపు చేపలు, నల్ల చారలవి, రాతి మీది తమ గుడ్లకు కాపలా కాస్తూ నా మాస్క్ మీదికే వచ్చి బెదిరించాయి. అంత చిన్న చేపకు అంత పొగరు! కింద సందులోంచి పాములాంటి ఈల్ చేప ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కరవడానికి అనుకుని వెనక్కి జరిగాను. అది ఊపిరి తీసుకోవడమేనని పైకొచ్చాక చెప్పారు. రాయి అనుకున్న ముద్ద ఒకటి రంగు మార్చుకుని జారిపోతే గానీ అది ఆక్టోపస్ అని తెలియలేదు. ఇసుకలో టేకు చేప ఒకటి, కళ్లు మాత్రం బయటపెట్టి.

చేపల మార్కెట్‌లో ఎర్రగా మెరిసే గులివిందలు ఉంటాయి కదా, అవి అక్కడ బూడిద రంగులో తిరుగుతున్నాయి. నీరు ముందుగా మింగేది ఎరుపునే. టార్చ్ వేస్తే మళ్లీ ఎర్రబడ్డాయి. కానాగంతల గుంపు ఒకటి తల మీదుగా వెండి రేకులా పోయింది. ఆ పేరు చెప్పాను కాబట్టి ఒక ముచ్చట. పాట్రిక్ రస్సెల్ అనే తెల్లదొర విశాఖపట్నంలో 200 చేపలకు బొమ్మలు వేయించి, చాలావాటికి ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే పెట్టి 1803లో అచ్చు వేయించాడు. అందుకే ఇప్పటికీ ప్రపంచమంతా కానాగంతను రాస్ట్రెల్లిగర్ కానాగుర్త అనే అంటుంది. సంతలో బేరమాడే పేరు శాస్త్రవేత్తల నోట్లో తిరుగుతుందంటే నాకెందుకో భలే సంతోషం.

తాబేలు నీళ్లలో కనబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు పడవ పక్కన ఒకటి తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని మునిగిపోయింది, అంతే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు మన ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అదే కాలంలో వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవీ కనిపిస్తాయి. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెట్టుకునే జిల్లా మనది. మీకు నీళ్లలో గనక కనిపిస్తే వెంటపడకండి, దానికి పైకి వెళ్లే దారి వదలండి. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జీవి, పట్టుకుంటే కేసే.

ఇక మీ ఆవిడ సంగతి. నాకు గెడ్డలో నేర్చుకున్న ఈత వచ్చు, మా తోటికోడలికి అసలు రాదు. మాలో బాగా చేసింది ఆవిడే. ఈత వచ్చినవాళ్లం చేతులు కొట్టుకుంటాం, గాలి తొందరగా అయిపోతుంది. ఆవిడ చెప్పినట్టు విని కదలకుండా ఉంది. శిక్షకుడు ఒక్క మనిషికి ఒక్కరుండి పట్టుకుని తిప్పితే, ఈత రానివాళ్లకు స్నార్కెలింగ్ కంటే ఇలాంటి ట్రయల్ డైవే తేలికని నా అభిప్రాయం. స్నార్కెల్‌తో పైన తేలుతుంటే చిన్న కెరటం వచ్చినా గొట్టంలోకి నీరు పోతుంది, ఉప్పునీరు మింగి కంగారు పడతారు. ట్రయల్ డైవ్‌లో ఎలాగూ 12 మీటర్లు దాటి తీసుకెళ్లకూడదు. పదేళ్ల లోపు పిల్లల్ని దింపుతామంటే ఒప్పుకోకండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వద్దు. గర్భిణులు అసలే వద్దు.

చెవుల గురించి భయపెట్టాను కాబట్టి చెబుతాను. సాలూరు ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి చూడండి, అదే ఇక్కడ పదింతలు. పది మీటర్ల లోతుకు ఒత్తిడి రెట్టింపు అవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి చెవుల్లోకి ఊదాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, అడుగడుగుకీ. జలుబు ఉంటే డబ్బు పోయినా సరే మానేయండి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగపట్టకూడదు. పైకి వస్తున్నప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది, బిగపడితే ప్రమాదం. ఇంకొకటి, లోపల బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. మా మరిది ఈల్‌ని చూసిన సంబరంలో వేలు చూపించాడు, శిక్షకుడు పట్టుకుని పైకి తీసుకొచ్చేశాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ వేలు మీద జోకులే.

రాళ్లను పట్టుకోకండి. పక్షి ఈకల్లా అందంగా ఊగే హైడ్రాయిడ్‌లు ఉంటాయి, తగిలితే దురదగొండి రాసుకున్నట్టే. నా మణికట్టు మీద వారం రోజులు మచ్చ ఉంది. సముద్రపు ముళ్లకాయల మీద కాలు పడితే ముల్లు లోపలే విరుగుతుంది. చిక్కుకున్న పాత వలలు ఉంటే దూరంగా ఉండండి, అవి చేపకూ మనిషికీ తేడా చూడవు.

బారువ దగ్గర సముద్రంలో మునిగిన పాత పొగ ఓడ ఉంది కదా, అక్కడ దిగొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. కొత్తవాళ్లకు అది వద్దు. ఓడ శిథిలాల్లో ఇనుము, వలలు, ప్రవాహం మూడూ ఉంటాయి. ముందు కోర్సు చేసి నాలుగైదు డైవులు అయ్యాక చూసుకోవచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చూసుకోండి. రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకుని, ఊళ్లో వేటకు వెళ్లే ఎవరినైనా అడిగి బయల్దేరండి. ఒడ్డున బట్టలు మార్చుకోడానికి గది ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. మేం కారు తలుపులకు రెండు దుప్పట్లు కట్టుకున్నాం. మీ ఆవిడ కోసం ఒక పాత నైటీ, ఫ్లాస్కులో వేడి టీ పెట్టుకెళ్లండి. మార్చిలో కూడా పైకొచ్చాక వణుకు పుడుతుంది.