పాత యెజ్డీ కోసం బంగారం తాకట్టా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. జీతం నెలకు 32 వేలు. గుణుపురంలో 1983 నాటి యెజ్డీ 250 బండిని 28 వేలకు కొన్నాను. కొండదారుల్లో తిరిగేలా మార్చుకుని దేవమాలి కొండ ఎక్కాలని కోరిక. పాత విడిభాగాలకు లక్ష అవుతుందంటున్నారు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టవచ్చా? తర్వాత మంచి ధర వస్తుందని మిత్రుల మాట.

జవాబు: బంగారం జోలికి వెళ్లకండి. మీ కోరికను తప్పుపట్టడం లేదు, ఆ లక్ష లెక్కనే నమ్మలేకపోతున్నాను. ఇంజన్ విప్పకముందు ఎవరు చెప్పినా అది ఊహే. ఊహకు వడ్డీ కట్టడం ఎందుకు?

ముందు ఆర్సీ చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపై ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. ఆంధ్ర నంబరైతే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం కూడా తేవాలి. బండి మీ పేరుకు మారేదాకా సామాన్లకు రూపాయి తీయకండి. కాగితాలు కుదరకపోతే మీరు కొన్నది తుక్కే.

యెజ్డీ తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడింది. 2022లో ఆ పేరుతో తిరిగి వచ్చినవి ఫోర్ స్ట్రోక్ బళ్లు, వాటి ఇంజన్ సామాను మీ టూ స్ట్రోక్‌కు పట్టదు. కాబట్టి విశాఖ తుక్కు దుకాణాలో, చెన్నై పుదుప్పేటో తిరగక తప్పదు. హబ్బులు, ట్యాంకు, గేర్లు పాతవైనా బాగుంటే కొనండి. క్రాంకు సీళ్లు (ఇంజన్‌లోకి బయటి గాలి చొరకుండా ఆపే రబ్బరు వలయాలు), బేరింగులు, పిస్టన్ రింగులు మాత్రం పాతవి ఊరికే ఇచ్చినా వద్దు. సీలు గాలి పీలిస్తే పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. సీలు దగ్గర మిగిల్చిన వందలు సిలిండరును మళ్లీ తొలిపించే బోరింగ్ పనిలో వేలై పోతాయి. నా పాత రాజ్‌దూత్ బండి నేర్పిన పాఠమిది, ఫీజు నేనే కట్టాను.

అన్నింటికన్నా ప్రమాదం చవకగా దొరికే క్రాంక్‌కేస్, అంటే ఇంజన్ కింది భాగపు లోహపు పెట్టె. ఇంజన్ నంబరు ఉండేది దాని మీదే. అది ఆర్సీతో కలవకపోతే మీ బండి దొంగబండి లెక్కలోకి వెళుతుంది. బిల్లు లేనిదే ముట్టుకోకండి.

ఇక అమ్మకం ధర. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ (పాతకాలపు వాహనం) గుర్తింపుకు బండికి 50 ఏళ్లు నిండాలి, అసలు రూపం పెద్దగా మారకూడదు. మీ బండికి ఆ వయసు 2033లో వస్తుంది. ఈలోగా ఛాసిస్ కోసి వెల్డింగ్ పెడితే ఆ అవకాశం పోతుంది. పైగా ఆర్సీలోని వివరాలు మారే పని అనుమతి లేకుండా చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. టైర్లు, హ్యాండిల్ వంటివి బోల్టు విప్పితే తిరిగి పాత రూపం వచ్చేలా మార్చుకోండి, తీసిన వాటిని గోనెసంచిలో కట్టి దాచండి. ఏదేమైనా దీన్ని పెట్టుబడి అనకండి, సరదా ఖర్చు అనండి.

మూడు నెలల ఇంటిఖర్చు బ్యాంకులో ఉందా? లేకపోతే ముందు అది. ఉంటే నెలకు 4 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మొదటి మూడు నెలల సొమ్ముతో ఇంజన్ విప్పించి, ఏవేం కావాలో మెకానిక్ చేత రాయించుకోండి. ఇంజన్, బ్రేకులు అయ్యాకే ఫోర్కులు, రంగులు. ఈ లెక్కన లక్షకు రెండేళ్లు పడుతుంది. దేవమాలి 1,672 మీటర్ల కొండ, ఎక్కడికీ పోదు. తొందరైతే వేరే బండేదైనా తీసుకుని ఓసారి వెళ్లి రండి.