విద్యా సంవత్సరం ఆఖర్న వచ్చే సర్క్యులర్లన్నీ నిజంగా చదవాలా?

ఒంగోల్లో ఈ ఏడే అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరానని రాశారు. ఏప్రిల్ వచ్చినప్పట్నుంచీ గ్రూపులో రోజుకో సర్క్యులర్ పడుతోంది, సీనియర్లేమో అవన్నీ ఏటా ఉండేవే, వదిలెయ్ అంటున్నారు, చదవాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

చదవండి. మొదటి పేరా చూసి వదిలెయ్యకుండా ఆఖరి పేరా దాకా చదవండి. చదివాక ఇంకో పని కూడా ఉంది, అది కింద చెబుతాను. అసలు దాని కోసమే ఇంత రాస్తున్నాను.

ముందు మీకు పనికొచ్చేది. ఏడాది ఆఖర్న వచ్చేవాటిలో ఇంటర్నల్ మార్కుల అప్‌లోడు, స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ, లైబ్రరీ నో డ్యూస్, ల్యాబ్ స్టాక్ లెక్క ఇవన్నీ గడువు దాటితే ఎవరో ఒకరు ఫోన్ చేసి మరీ గుర్తు చేస్తారు. ఎవరూ గుర్తు చెయ్యనిది సెల్ఫ్ అప్రైజల్ ఫారం, అంటే ఏడాదిలో చేసిన పని మనమే రాసిచ్చే కాగితం. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం మీకు కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన చెప్పి ఉంటే 'బాగు' అని రాస్తారు. 70 నుంచి 80 లోపు 'సంతృప్తికరం'. 70 కంటే తగ్గితే సంతృప్తికరంగా లేదనే రాస్తారు. ఎన్ని క్లాసులు చెప్పారో ఈ ఏప్రిల్లో లెక్క కట్టి సంతకం పెట్టించుకోకపోతే నాలుగేళ్ళ తర్వాత ఎక్కణ్ణుంచి తెస్తారు? పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్ళకు, ఎం.ఫిల్. అయితే అయిదేళ్ళకు, రెండూ లేకపోతే ఆరేళ్ళకు జీతాల పట్టికలో పదో లెవెల్ నుంచి పదకొండో లెవెల్‌కు అర్హత వస్తుంది. పదో లెవెల్ మూల వేతనం 57,700 దగ్గర మొదలైతే పదకొండోది 68,900 దగ్గర మొదలవుతుంది. అప్పుడు కమిటీ ముందు పెట్టేది ఈ ఏటేటి ఫారాలే. టీచింగ్ డైరీ జిరాక్సు తీసి ఇంట్లో పెట్టుకోండి. డిపార్ట్‌మెంటు బీరువాను నమ్మొద్దు.

నేను వృక్షశాస్త్రం చెబుతాను. నెల్లూరు జిల్లాలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో పదమూడేళ్ళు పనిచేసి, ఆ తర్వాత యూనివర్సిటీకి వచ్చాను. నేను చేరిన కొత్తల్లో ఆ కాలేజీ తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేది. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికొచ్చింది. తిరుపతి నుంచి సర్క్యులర్ పోస్టులో వచ్చేది. ప్రిన్సిపాల్ గారు దాన్ని ఆర్డర్ బుక్కులో అంటించి డిపార్ట్‌మెంట్లన్నిటికీ తిప్పేవారు. అటెండరన్న ఆ పుస్తకం పట్టుకొచ్చి బల్ల పక్కన నిలబడేవాడు. చదివి, సంతకం పెట్టి, తేదీ వేస్తేగానీ కదిలేవాడు కాదు. "చదవండి మేడమ్, నేనుంటా" అనేవాడు. క్లాసుకు టైమవుతోందన్నా వినేవాడు కాదు.

కాగితాల్లో ఆయన ఆఫీస్ సబార్డినేట్. మాకు మాత్రం బోటనీ ల్యాబంటే ఆయనే. ప్రాక్టికల్సుకు మూడు రోజుల ముందే ఉల్లిపాయలు నీళ్ళ సీసాల మూతుల మీద కూర్చోబెట్టి వేర్లు మొలిపించేవాడు. కణవిభజన బాగా కనపడాలంటే వేరు కొసలు పొద్దున ఏ వేళకు కోయాలో నాకంటే ఆయనకే బాగా తెలుసు. చెరువుకు పోయి హైడ్రిల్లా తెచ్చేవాడు. పెన్న ఒడ్డున ఏ మొక్క ఏ నెలలో పూస్తుందో నోటికి చెప్పేవాడు. చదివింది ఏడో తరగతి. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు. ఇంగ్లీషు రాదు.

2016 ప్రాంతంలో ఆర్డర్ బుక్కు ఆగిపోయింది, వాట్సాప్ గ్రూపు వచ్చింది. కాగితం ఖర్చు తప్పిందని, తిరుగుడు తప్పిందని అందరం సంతోషించాం. ఆ గ్రూపులో అటెండర్లు లేరు. స్మార్ట్ ఫోన్ లేనివాళ్ళను ఎట్లా చేరుస్తారు? ఆయన దగ్గరుంది బటన్ల ఫోను. ఊరందరికీ పుస్తకం తిప్పిన మనిషికి కబురు చేరే దారి ఆ రోజుతో మూసుకుపోయింది. ఆ సంగతి మాలో ఒక్కరికి కూడా తట్టలేదు.

2018 ఏప్రిల్. శనివారం రాత్రి పది కావస్తుండగా గ్రూపులో ఒక పీడీఎఫ్ పడింది. వంకరగా స్కాన్ చేసిన రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. మొదటి పేజీలో చివరి పనిదినం ఎప్పుడో, వేసవి సెలవుల్లో హెడ్‌క్వార్టర్స్ వదలాలంటే ఎవరి అనుమతి కావాలో ఉంది. రెండో పేజీ కింద రెండే వాక్యాలు. సిబ్బంది అందరూ తమ సర్వీస్ రిజిస్టరు (ఉద్యోగి సర్వీసు, ఇంక్రిమెంట్లు ఎక్కించే పుస్తకం) చూసుకుని, ఎంట్రీలు లోపించి ఉంటే 30వ తేదీలోగా రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ తర్వాత తీసుకోం అని. కింద వరసగా "నోటెడ్ సర్", "నోటెడ్ సర్". అప్పుడు మా డిపార్ట్‌మెంటుకు ఇన్‌చార్జిని నేను. నేనూ "నోటెడ్ సర్" అని పెట్టాను. సోమవారం ల్యాబులో ఆయన నా ఎదురుగానే స్లైడ్లు తుడుస్తున్నాడు. చెప్పాలని తోచలేదు నాకు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్ అయిపోయాక ఆయన తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఒక్క నిమిషం" అన్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రెండు కాగితాలు తీశాడు. ఒకటి ఆయన జీతం స్లిప్పు. రెండోది కెమిస్ట్రీ ల్యాబు అటెండరుది. "ఇద్దరం 93లో ఒకే రోజు చేరినాం మేడమ్. ఒకే కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండాయి. వాడికి నెలకు వెయ్యి పైన ఎక్కువొస్తా ఉంది. నా పేరు యాడన్నా తప్పు పడిందేమో. అడగాలా వొద్దా అని నాలుగు నెల్లుగా అనుకుంటా ఉండా."

తనకు అన్యాయం జరిగిందని ఆయన అనలేదు. తన వైపే ఏదో తప్పు పడి ఉంటుందనుకున్నాడు.

మరునాడు ఆఫీసుకు పోయి సర్వీస్ రిజిస్టరు తీయించాను. ఒకే పోస్టులో ప్రమోషన్ లేకుండా ఉండిపోయినవాళ్ళకు 6, 12, 18, 24 ఏళ్ళకు పై స్కేలు ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము అంటారు. కెమిస్ట్రీ ఆయనకు 2017లో 24 ఏళ్ళ స్కేలు వచ్చేసింది. మా అటెండరన్న రిజిస్టరులో 2003, 2004 ఇంక్రిమెంట్ల ఎంట్రీలే లేవు. అప్పటి క్లర్కు బదిలీ అయ్యాడు, తర్వాత వచ్చినవాళ్ళు ఆ రెండు గళ్ళూ ఖాళీగానే ఉంచేశారు. సర్వీసు తెగినట్టు కనిపిస్తోంది కాబట్టి 24 ఏళ్ళు నిండలేదన్నారు. ఏటా రిజిస్టరు ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలి. ఆ సంతకాల పేజీలో ఆయన సంతకం ఒక్కటీ లేదు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తన రిజిస్టరు చూడలేదు. అలాంటిదొకటి ఉంటుందని కూడా ఆయనకు తెలీదు.

సీట్లో ఉన్నాయన, "ఏప్రిల్లో పంపినాం గదా మేడమ్, మీరు నోటెడ్ అని పెట్టినారు గదా" అని తన ఫోన్ తీసి చూపించాడు. నా పేరు, నా మాట, టైముతో సహా ఉన్నాయి.

ఆ ఖాళీ పూడ్చడానికి ఏడాది పైన పట్టింది. ఆ రెండేళ్ళూ ఆయన జీతం తీసుకున్నాడని రుజువు కావాలన్నారు. అంటే జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే పాత అక్విటెన్స్ రిజిస్టర్లు. అవి పాత హాస్టల్ వెనక గదిలో కట్టలు కట్టి పడేసి ఉన్నాయి. నవంబర్ వానలు, గదంతా చెమ్మ. మూడు ఆదివారాలు ఆయనా నేనూ ముక్కుకు గుడ్డ కట్టుకుని వెతికాం. 2003ది రెండో వారం దొరికింది. 2004 రిజిస్టరు చెదలు తినేసింది. పేజీ మధ్యలో చెయ్యి పట్టేంత బొక్క, కానీ కింది సగంలో ఆయన సంతకం ఉన్న వరసలు మిగిలాయి. ఆయన ఆ సంతకం మీద వేలు పెట్టి, "ఇది నాదే మేడమ్, అప్పుడు తెలుగులో పెట్టేవోణ్ణి" అన్నాడు. దాంతోనూ అవలేదు. ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాశారు, మళ్ళీ జవాబు, మళ్ళీ సంతకాలు. 2019 అక్టోబర్లో అరియర్స్ పడ్డాయి. తర్వాతి వేసవిలో ఉలవపాడు నుంచి బుట్టెడు బంగినపల్లి కాయలు తెచ్చి మా ఇంటి గుమ్మంలో పెట్టి పోయాడు. వద్దన్నా వినలేదు. ఆ కాయలు తింటుంటే నాకు గొంతు దిగలేదు.

ఎయిడెడ్ కాలేజీ సంగతి యూనివర్సిటీ ప్రశ్న కింద ఎందుకు అంటారేమో. యూనివర్సిటీలో నేను చూసింది కూడా ఇంతే, మనుషులు ఎక్కువ, గ్రూపులు ఎక్కువ. అకడమిక్ కన్సల్టెంట్లని పిలుచుకునే తాత్కాలిక అధ్యాపకుల సంగతి చూడండి. ఏప్రిల్ ఆఖరి సర్క్యులర్ వాళ్ళకు చివరి పనిదినం ఎప్పుడో చెబుతుంది, మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో చెప్పదు. పదేళ్ళుగా అదే పేపరు చెబుతున్న మనిషి కూడా మే నెలంతా జీతం లేకుండా, రెన్యువల్ ఆర్డర్ కోసం ఎదురుచూస్తూ స్పాట్‌లో పేపర్లు దిద్దుతూ కూర్చుంటాడు. పిల్లల స్కూలు ఫీజు కట్టే నెల కూడా సరిగ్గా అదే. ఎప్పటిలోగా తేలుస్తారో తేదీ వేసి ఒక్క వాక్యం రాస్తే ఎంత నెమ్మదిగా ఉంటుంది వాళ్ళకు! ఖర్చు లేని పని అది. నేను మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను.

లైబ్రేరియన్లూ అంతే. యూజీసీ లెక్కలో వాళ్ళూ అకడమిక్ స్టాఫే. కానీ సెలవుల సర్క్యులర్ రాసేటప్పుడు వాళ్ళు గుర్తుకురారు, పుస్తకాల లెక్క తగ్గినప్పుడు మాత్రం వాళ్ళ పేరే ముందు వస్తుంది. కేంద్ర ఆర్థిక నియమావళి చూడండి, ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే, సహజమేనని రాసే ఉంది. జీతంలోంచి కట్టమని ఎవరైనా అంటే ఆ నియమం చూపించండి.

ఇక సమాచారం అడిగే తీరు. ఉన్నత విద్య మీద కేంద్రం చేసే ఐష్ సర్వే 2010-11 నుంచి ఉంది, విద్యాసంస్థలకిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్ళకు ఏటా ఏక్యూఏఆర్ అనే నివేదిక పంపాలి, అధ్యాపకుల వివరాలుండే విద్వాన్ పోర్టల్లో ప్రొఫైల్ వేరు. అన్నిటికీ అవే పేర్లు, అవే చదువులు, అవే పేపర్లు. ఒకసారి ఇచ్చింది నాలుగు చోట్లా వాడుకోవచ్చు గదా? అట్లా కాదు, నాలుగు ఫార్మాట్లలో నాలుగుసార్లు అడుగుతారు, నాలుగింటికీ 'అర్జంట్' అని పెడతారు. ఆ అర్జంట్ల కింద నిజంగా మనిషి కూడు మీదికొచ్చే రెండు వాక్యాలు పూడుకుపోతాయి. మా అన్న విషయంలో జరిగింది అదే.

అసలు ఇంగ్లీషులోనే ఎందుకు రావాలి ఇవి? ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. అధికార భాష తెలుగని అప్పుడే రాసుకున్నాం. ఢిల్లీకి పంపే కాగితం ఇంగ్లీషులో ఉండనివ్వండి. నెల్లూరులో కూర్చున్నాయన నెల్లూరులో స్లైడ్లు తుడిచే మనిషికి రాసేది తెలుగులో ఉంటే తప్పేంటి? సర్వీస్ రిజిస్టరు, ఇంక్రిమెంటు, గడువు అన్నవి మా అన్నకు బాగా తెలిసిన మాటలే. ఆ రెండు వాక్యాలూ తెలుగులో గేటు పక్కన బోర్డు మీద అంటించి ఉంటే ఆయనే చదువుకుని పోయి అడిగేవాడు.

నేనిప్పుడు చేసేది చెబుతాను, మీరూ చెయ్యండి. ఏప్రిల్ మూడో వారంలో ఒక పూట ల్యాబులో అందరినీ కూర్చోబెడతాను. అటెండర్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, తాత్కాలిక అధ్యాపకులు, స్వీపరమ్మ, రీసెర్చ్ పిల్లలు. వచ్చిన సర్క్యులర్లన్నీ తెలుగులో గట్టిగా చదివి చెబుతాను. ఎవరికి ఏది వర్తిస్తుందో పేరు పెట్టి పిలిచి చెబుతాను. పాత ఆర్డర్ బుక్కులాంటి లాంగ్ నోట్‌బుక్కు ఒకటి కొన్నాను, విన్నట్టు అందులో సంతకాలు తీసుకుంటాను. గంటన్నర పడుతుంది. పోయినేడు అట్లా చదువుతుంటే ఒక ల్యాబ్ అసిస్టెంటు ఆపి, "మేడమ్, నామినీ మార్చుకోవాలన్నారే, నాకు పెళ్ళి కాకముందు అమ్మ పేరు రాసినా, ఇప్పుడామె లేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పోయి మార్పించుకున్నాడు.

మీరు కొత్తగా చేరారు, మిమ్మల్ని ఎవరూ ఇన్‌చార్జి అనరు కాబట్టి సమావేశం పెట్టలేకపోవచ్చు. మీ డిపార్ట్‌మెంటులో తాళాలు తీసేది ఎవరో మీకు తెలుసు గదా. రేపు పొద్దున ఆయన తలుపు తీస్తున్నప్పుడు, "అన్నా, ఈ ఏడు నీ సర్వీస్ రిజిస్టరు చూపించారా?" అని అడగండి. లేదంటే 30వ తేదీలోపు మీరే ఆఫీసుకు వెంటబెట్టుకుని పోండి.