200 కిలోమీటర్ల రైడ్‌కి హ్యాండిల్ బార్ బ్యాగ్ ఎన్ని లీటర్లది తీసుకోవాలి?

డ్రాప్ బార్ (కొసలు కిందికి వంగిన హ్యాండిల్) సైకిల్ మీద 200, 300 కి.మీ. బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు రైడ్‌లు) మొదలుపెడుతున్నాను, 5 లీటర్ల బ్యాగ్ సరిపోతుందా, 10 లీటర్లది కావాలా అని అడిగారు. పెట్టెలాంటి బ్యాగూ, చుట్టలా ఉండే బ్యాగూ రెండూ కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను: లీటర్ల సంగతి ఆఖర్న చూసుకోండి. సైకిల్ మీద కూర్చునే, ఒంటి చేత్తో అందులోంచి వస్తువు తీయగలరా లేదా అన్నది ముందు చూడండి.

బ్రెవేలో 200 కి.మీ.కి గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు. మీరు ఆగినా గడియారం ఆగదు. తినడానికి ఒకసారి, గ్లవ్స్ కోసం ఒకసారి, సన్‌స్క్రీన్ కోసం ఇంకోసారి దిగుతూ పోతే సాయంత్రానికి చాలా సమయం పోతుంది. సీటు వెనక బ్యాగులో ఉన్నది కావాలంటే ఎలాగూ దిగాల్సిందే. ముందు బ్యాగ్ పెట్టుకునేదే ఆ బాధ తప్పించుకోవడానికి.

అందుకే నేను మూత ఎటు తెరుచుకుంటుందో చూస్తాను. మూత కుట్టు మనవైపు ఉంటే, తెరవగానే అది మనకూ బ్యాగుకూ మధ్య అడ్డంగా లేస్తుంది. పైగా ఎదురుగాలి దాన్ని పట్టుకుని ఇంకా పైకి లేపుతుంది. కుట్టు ముందువైపు ఉన్న మూత అవతలికి తెరుచుకుంటుంది, చెయ్యి తీసేయగానే గాలే దాన్ని వెనక్కి నెట్టి మూస్తుంది. చిన్న తేడాలా అనిపిస్తుంది కానీ రోజంతా తొక్కేటప్పుడు ఇదే తెలుస్తుంది. చుట్టలాంటి బ్యాగులు పక్కల నుంచి తెరుచుకుంటాయి, బకిల్స్ విప్పాలి. టెంటు, రాత్రి బట్టలు పెట్టుకుని నాలుగైదు రోజులు తిరిగేవాళ్లకు అవి బాగుంటాయి. ఒక్కరోజు రైడ్‌కి నేను సలహా ఇవ్వను.

రెండోది, అది మీ సైకిల్‌కి పడుతుందా అన్నది. బార్ 42 సెం.మీ. అని రాసి ఉన్నంత మాత్రాన లోపల 42 ఖాళీ ఉండదు. బ్రేక్ లివర్ల మధ్య ఇంకా తక్కువే. కొన్ని గేర్ లివర్లు లోపలికి తిరుగుతాయి, వాటికీ జాగా వదలాలి. కొనేముందు ఒక పాత తువ్వాలు తీసుకుని, బ్యాగ్ కొలతలకు చుట్టి, బార్‌కి తాడుతో కట్టండి. హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పండి. బ్రేకులు నొక్కండి, గేర్లన్నీ మార్చండి. అడుగు భాగానికీ ముందు టైరుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. సస్పెన్షన్ ఫోర్కయితే అది పూర్తిగా కిందికి దిగినప్పుడు కూడా టైరు తగలకూడదు. ఐదు నిమిషాల పని, టెన్షన్ పోతుంది.

కేబుళ్లు బయటికి వంగి ఉన్న సైకిల్ అయితే బ్యాగ్ వాటిని ఫ్రేమ్ ముందు కొసన, హ్యాండిల్ కింద నిలువుగా ఉండే గొట్టం, అంటే హెడ్ ట్యూబ్‌కేసి నొక్కుతుంది. కేబుల్ మరీ ఒంగిపోతే గేర్లు సరిగ్గా పడవు. బార్‌కీ బ్యాగుకీ మధ్య గట్టి ఫోమ్ ముక్కలు పెడితే కేబుళ్లకు దారి దొరుకుతుంది. హెడ్ ట్యూబ్ చుట్టూ తిరిగే కింది స్ట్రాప్ ఉన్న బ్యాగే తీసుకోండి, అది లేకపోతే గతుకుల్లో బ్యాగ్ ఎగురుతూనే ఉంటుంది. ఆ స్ట్రాప్ కింద దుమ్ము చేరితే గరుకు కాగితంలా పెయింటును గీకేస్తుంది. నేను మొదటిరోజే అక్కడ పారదర్శకమైన టేపు అంటించాను, ఇప్పటికీ కింద రంగు చెక్కుచెదరలేదు. క్లాంపుతో బిగించే రకమైతే బార్ మందం చూసుకోండి, ఈమధ్య సైకిళ్లకు మధ్యలో 31.8 మి.మీ. ఎక్కువ. కార్బన్ బార్ అయితే దానికి క్లాంపు బిగించవచ్చో లేదో తయారీదారు సూచనలు చదవకుండా బిగించొద్దు.

బరువు రెండు, మూడు కిలోలు దాటనివ్వకండి. ముందు బరువు పెరిగితే నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది, దిగుడులో వేగం పెరిగితే వణుకు కూడా రావచ్చు. తాళం, టూల్స్ ఫ్రేమ్ బ్యాగులోకి పంపండి. పవర్ బ్యాంక్ ముందే ఉండాలంటే అడుగున, హెడ్ ట్యూబ్‌కి దగ్గరగా పెట్టండి.

లైటు సంగతి చాలామంది చీకటి పడ్డాకే గమనిస్తారు. బార్ మీది లైటుకి బ్యాగ్ అడ్డొస్తే ముందు చక్రం దగ్గరి రోడ్డంతా నీడే. 300లో రాత్రి ఎలాగూ తొక్కాలి కాబట్టి లైటును ఫోర్కు పైభాగానికి మార్చుకోండి, లేదా బ్యాగ్ కంటే ముందుకు వచ్చే మౌంట్ తీసుకోండి.

వాన విషయానికొస్తే, అతుకులు వెల్డ్ చేసి పైన మడిచి మూసేవి నీళ్లను బాగా ఆపుతాయి, కానీ తొక్కుతూ తెరవడం కష్టం. జిప్ ఉన్నవి గంటలకొద్దీ వానకి జిప్ కొసల దగ్గర కారుతాయి. నేను జిప్‌దే వాడతాను. ఫోను, బ్రెవే కార్డు (దారిలో ముద్రలు వేయించుకునే కార్డు) మాత్రం విడిగా జిప్‌లాక్ కవర్లో ఉంటాయి.

ఇక లీటర్లు. ఈ లెక్కన 200కి మూడు నుంచి ఐదు చాలు. 300కి పల్చటి జాకెట్, ఇంకో లైటు కలుస్తాయి కాబట్టి ఏడు దాకా వెళ్లొచ్చు. 10 లీటర్లది కొంటే ఖాళీ ఉంది కదా అని నింపుతూనే ఉంటాం. జాగా ఇంకా కావాలనిపిస్తే స్టెమ్ (హ్యాండిల్ బార్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) పక్కన కట్టే చిన్న గొట్టం సంచి ఒకటి చేర్చుకోండి, తిండి అందులో వేసుకుంటే పెద్ద బ్యాగ్ మూత తీసే పని కూడా తగ్గుతుంది.