టెక్ సందేహాలు: నక్షత్రాలు వస్తున్నాయి, తీసివేతలు రావడం లేదు

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. లెక్కల ట్యూషన్ మాన్పించి ట్యాబ్‌లో ఒక యాప్ పెట్టించాం. రోజూ బుద్ధిగా కూర్చుంటాడు, నక్షత్రాలు బోలెడు వస్తున్నాయి. స్కూల్ పరీక్షలో మాత్రం తీసివేతలన్నీ తప్పులే. ఇదేంట్రా అంటే ‘టీచర్ తిడతారు, యాప్ తిట్టదు’ అంటాడు. యాప్ మార్చమంటారా?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు వాడి రఫ్ నోట్‌బుక్ తెరవండి. 52లోంచి 27 తీసేస్తే 35 అని, 40లోంచి 18 తీసేస్తే 38 అని రాసి ఉంటే విషయం దొరికినట్టే. రెండింట్లోనూ తప్పు ఒక్కటే. ఒకట్ల స్థానంలో పై అంకె చిన్నదైతే పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవాలి కదా. వాడు అది వదిలేసి, పైదా కిందదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు. వాడి లెక్కలో అదొక పద్ధతి, ప్రతిసారీ శ్రద్ధగా అదే పాటిస్తాడు.

ఈ తప్పు మీ వాడు కనిపెట్టింది కాదు లెండి. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికా పరిశోధకులు 1978లోనే ఇలాంటివన్నీ పోగేసి పరిశోధనా పత్రం రాశారు. వాళ్ల ‘బగ్గీ’ ప్రోగ్రామ్ భలే తమాషాగా ఉంటుంది. అందులో కంప్యూటర్ లెక్కలు తప్పు చేసే పిల్లాడి వేషం వేస్తుంది. టీచర్ ఉద్యోగానికి శిక్షణ తీసుకునేవాళ్లు దానికి లెక్కలిచ్చి, వచ్చిన జవాబుల్ని బట్టి ఆ ‘పిల్లాడి’ బుర్రలో ఏ తప్పుడు పద్ధతి ఉందో పట్టుకోవాలి. మన యాప్‌లలో చాలావాటికి ఈపాటి ఆలోచన కూడా లేదు. నాలుగు ఆప్షన్లు చూపిస్తాయి. వాడు 35 నొక్కాడు, ఎర్రరంగు వచ్చింది. 33 నొక్కాడు, మళ్లీ ఎర్రరంగు. 25 నొక్కగానే నక్షత్రం. ఆ నక్షత్రం దేనికొచ్చిందో వాడికీ తెలీదు, యాప్‌కీ తెలీదు.

అలాగని ‘యాప్ తిట్టదు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. క్లాసులో నలుగురూ నవ్వుతారని నోరు విప్పని పిల్లలు తెర ముందు మాత్రం జంకు లేకుండా పదిసార్లు ప్రయత్నిస్తారు. ఆ మేలు పోగొట్టుకోనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఆప్షన్లు తీసేసి జవాబు టైప్ చేయించే వీలుందేమో చూడండి. ప్రతి లెక్కా ముందు కాగితం మీద చేశాకే ట్యాబ్ ముట్టుకోవాలని చెప్పండి.

ఏఐ వాడే అలవాటుంటే, మీ అకౌంట్‌లోనే, మీరు పక్కన కూర్చుని, నోట్‌బుక్ పేజీ ఫొటో పెట్టి ఇలా టైప్ చేయండి: ‘ఇది మూడో తరగతి పిల్లాడు చేసిన లెక్క. జవాబు చెప్పొద్దు. ఏ అడుగులో పొరపాటు పడ్డాడో చూసి, వాడు తనంతట తాను పట్టుకునేలా ఒక్క చిన్న ప్రశ్న అడుగు. వాడు జవాబిచ్చాకే ఇంకో ప్రశ్న.’ చాట్‌జీపీటీలో స్టడీ మోడ్, జెమినైలో గైడెడ్ లెర్నింగ్ అనేవి 2025లో వచ్చింది ఇలా అడిగించడానికే. కాకపోతే ఆ మోడ్‌లోంచి బయటపడటం చాలా సులువు. ‘ఆన్సర్ చెప్పేయ్’ అని గట్టిగా అడిగితే చెప్పేస్తుంది కూడా. పిల్లల చేతిరాతలో 7ని 1 అనుకుని లేని తప్పు పట్టడమూ మామూలే, కాబట్టి అది చెప్పిందాన్ని నోట్‌బుక్‌తో పోల్చుకోండి.

ఇవేవీ కుదరకపోతే చీపురు పుల్లలు చాలు. పదేసి పుల్లలకు రబ్బర్ బ్యాండ్ వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు వాడి ముందు పెట్టి 27 ఇవ్వమనండి. ఏడు విడి పుల్లలు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడమే అప్పు తెచ్చుకోవడం.

ప్రశ్న: మా మనవరాలు యాప్‌లో తెలుగు పాఠం గట్టిగా చదువుతుంది. నాకు చక్కగానే వినిపిస్తోంది, యాప్ మాత్రం తప్పంటోంది. పిల్ల ఏడుస్తోంది.
- ఒక తాతగారు, ఖమ్మం

జవాబు: మీ చెవులనే నమ్మండి. మాటల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పెద్దవాళ్ల గొంతులతో నేర్చుకున్నదే. పిల్లల గొంతు సన్నగా ఉంటుంది, మధ్యమధ్యలో ఆగుతారు, కూడబలుక్కుంటారు. అక్కడే అది తడబడుతుంది. ఫ్యాన్ ఆపి, టీవీ కట్టేసి, ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టి చూడండి. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో తెచ్చి, ఆ తర్వాత ‘రీడ్ అలాంగ్’గా మార్చిన యాప్ పిల్లల చదువు కోసమే తయారైంది, అందులో తెలుగూ ఉంది. దానికీ పొరపాట్లు తప్పవు. యాప్ తప్పన్నప్పుడు ‘దానికి వినపడలేదమ్మా, నాకు చదివి వినిపించు’ అనండి చాలు.

ప్రశ్న: మేం ఆస్టిన్‌లో ఉంటాం. ఇక్కడ రోజుకు రెండు గంటలే చదువు, అదీ కంప్యూటర్‌తోనే, టీచర్లు ఉండరు అనే స్కూల్ గురించి అందరూ చెబుతున్నారు. పాపను చేర్చాలా?

జవాబు: ఆల్ఫా స్కూల్ గురించే అయ్యుంటుంది. పాఠాలు యాప్‌లతో రెండు గంటలు, మిగతా రోజంతా ప్రాజెక్టులు, ఆటలు, నలుగురిలో మాట్లాడటం లాంటివి. టీచర్లని పిలవరు గానీ గైడ్‌లు అనే పెద్దవాళ్లు పిల్లల దగ్గరే ఉంటారు. ‘టీచర్లు ఉండరు’ అన్నది సగం నిజమే అన్నమాట. ఏడాదికి 40 వేల డాలర్ల స్థాయి ఫీజు పెట్టి వచ్చే పిల్లల ఇళ్లలో పుస్తకాలూ, చదువుకున్న అమ్మానాన్నలూ ముందే ఉంటారు. అక్కడి మార్కుల్లో యంత్రం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. చేర్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్లినప్పుడు మాత్రం తెరలు చూసి వచ్చేయకండి. పిల్ల ఒక లెక్క దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కుపోతే ఎవరు గమనిస్తారు, ఒక్కో గైడ్ దగ్గర ఎంతమంది పిల్లలు, ఆ గైడ్‌కి లెక్కలు నేర్పడం వచ్చా అని అడగండి. వీలైతే ఒక గంట వెనకాల కూర్చోనివ్వమనండి.