రవణమ్మ ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?

కావలి

అమ్మాయీ,

నీ కథ నిన్న మధ్యాహ్నం అందింది. ఒకసారి చదివితే కోపమొచ్చింది. సాయంత్రం మళ్ళీ చదివితే ఆ కోపం ఇంకాస్త పెరిగింది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నా.

నీ రవణమ్మది అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటల మీద కూలికి పోతుంది. మొగుడు అక్కడే మేత చల్లుతాడు. పన్నెండేళ్ళు కాపురం చేశాక ఒక సాయంత్రం "మన మధ్య ఏమీ మిగల్లేదు, నన్ను నేను వెతుక్కోవాలి" అని గడప దాటుతుంది. తరవాతి పేరాలో విడాకులు వచ్చేస్తాయి. చివర్న మైపాడు బీచ్‌లో నిలబడి సూర్యోదయం చూస్తుంది.

మరి ఆ రాత్రి ఎక్కడ పడుకుంది? పుట్టింట్లోనా? అక్కడ అన్నదమ్ములుంటే వదిన ఏమంది? పిల్లలు ఎవరి పక్కన పడుకున్నారు? తెల్లారి గుంటల మీదికి పనికి పోయిందా? పోతే అదే గట్టు మీద మొగుడూ ఉంటాడు కదా! ఇవేవీ నీ కథలో లేవు. ఆడమనిషి ఇల్లు వదిలిందని రాసేవాళ్ళు ముందు ఆ ఒక్క రాత్రి సంగతి తేల్చుకోవాలి. అది తెలియనిదే ఆమె ఎందుకు వదిలిందో కూడా తెలియదు. నలభై ఏళ్ళుగా ఈ మాటే చెప్తున్నా, నీకూ చెప్తున్నా.

నేను ముప్పై ఏళ్ళు వకీలు గుమాస్తాగా చేశాను. మొగుడూ పెళ్ళాల పిటిషన్లు ఎన్ని రాశానో లెక్కలేదు. రవణమ్మ నోట నువ్వు పెట్టిన ఆ రెండు మాటలు నేను విన్నాను, కాదనను. అయితే అవి ఇద్దరికీ ఉద్యోగాలున్నవాళ్ళ నోట విన్నాను. బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు, వేరే ఫ్లాటుకు అడ్వాన్సు కట్టగలరు. వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఉద్యోగమూ వీసా చూసి కుదిరినవే. 1976లో హిందూ వివాహ చట్టంలోకి 13బి సెక్షన్ వచ్చాక ఇద్దరూ ఒప్పుకుంటే విడిపోయే దారి దొరికింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని కూడా అవసరమైతే సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బాధ చిన్నదని నేననను. అయితే అది రవణమ్మ బాధ కాదు.

ఉన్నవాళ్ళ సంగతి ఇంకో రకం. ఒక పెద్దింటి దంపతులు నాకు బాగా తెలుసు. ఒకే మేడలో ఆమె కింద, ఆయన పైన. పద్దెనిమిదేళ్ళు మాటల్లేవు. ఆమెకు పసుపు కుంకుమ కింద వచ్చిన పొలమే చెరువులైంది. దాని మీద బ్యాంకు అప్పు, ఇద్దరి సంతకాలు. ఏటా రెన్యువల్ రోజున రెండు కార్లలో వచ్చేవాళ్ళు. ఆమె సంతకం పెట్టి పెన్ను ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి జరిపేది. వాళ్ళ పెళ్ళి భూమి బయటికి పోకుండా చేసిన మేనరికం. విడిపోతే చెరువు మధ్యలో గట్టు వెయ్యాలి. అందుకే విడిపోలేదు.

ఇక రవణమ్మలాంటివాళ్ళు. అసలు ఆమెకు పెళ్ళి ఎందుకు చేశారో నువ్వు రాయలేదు. అమ్మా నాన్నా తెల్లారకముందే పనికి పోతే, లేదా ఆరు నెలలు వలస పోతే, వయసొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి? ఆ భయంతోనే మన పల్లెల్లో ఎందరు పిల్లలకు పదిహేనో ఏట, పదహారో ఏట మూడు ముళ్ళు పడ్డాయో! దాన్ని ప్రేమ అనీ అనలేం, కట్నం వ్యాపారమనీ అనలేం.

విడిపోవడమూ అంతే. పెద్దమనుషులు కూర్చుంటారు, సామాన్లు పంచుతారు, తెగతెంపులు అయిపోతాయి. కొన్ని కులాల్లో మారుమనువు తప్పు కాదు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ప్రకారం జరిగే విడాకుల జోలికి పోలేదు, 29వ సెక్షన్ చూడు. కోర్టుకు వచ్చేవాళ్ళు చాలామంది అడిగేది విడాకులు కాదు, మనోవర్తి, అంటే మొగుడు నెలనెలా ఇవ్వాల్సిన భరణం.

ఒకామె చెప్పాలి నీకు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పచ్చాకు కర్రలకు కట్టే మనిషి. పిటిషన్ మీద వేలిముద్ర వేయించబోతే ఇంకు ప్యాడు తగలకముందే బొటనవేలు నల్లగా ఉంది. ఆకు జిగురు. సబ్బుతో రుద్దించి, గుడ్డతో తుడిచి వేయించాను. అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి నెలకు 500 రూపాయలకు మించి అడగడానికి లేదు, ఆ పరిమితి 2001లో గానీ పోలేదు. పదకొండు వాయిదాలు తిరిగింది. వాయిదాకొక కూలి పోయేది. చివరికి 300 వేశారు. వాడు రెండు నెలలు కట్టి ఆపేశాడు. బాకీ వసూలుకు మళ్ళీ పిటిషన్ వెయ్యాలని చెప్తే ఆమె కాసేపు నేల చూసి, "అయ్యా, ఈ కాగితం చూపిస్తే నాకూ పిల్లలకూ వేరే రేషన్ కార్డు ఇస్తారా?" అంది. కార్డు మామ పేరున ఉంది. ఆమె వాటా బియ్యం ఆ ఇంటికే పోతున్నాయి. అన్ని వాయిదాల్లోనూ విడాకులన్న మాట ఆమె నోట రాలేదు.

ఆ కథ రాశాను. ఒక వారపత్రిక వేసుకుంది. ఎడిటరు రేషన్ కార్డు భాగమంతా కోసేసి, ఆమె వెన్నెల్లో తాళి తెంచి కాలవలో పారేసినట్టు రెండు పేరాలు సొంతంగా కలిపాడు. అడిగితే "లెక్కలెవరు చదువుతారండీ" అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ మంట తగ్గలేదు. ఆ తాళి తెంపే కథలు ఆ రోజుల్లో బాగా నడిచాయి. ఇప్పుడు వాటి బదులు సూర్యోదయాలు వచ్చాయి.

1992లో మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు ఏం చేశారో గుర్తు చేసుకో. తాగి కొట్టే మొగుళ్ళు. వదిలేసి పోవడానికి చోటు లేదు. కూలి డబ్బులు అంగడికి పోతున్నాయి. వాళ్ళు మొగుళ్ళను వదల్లేదు, సారా అంగడి మూయించారు. ఆ మంట జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బందయింది. రాత్రిబళ్ళలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు వాళ్ళు. ఆ కాపురాల్లో ఉన్న దమ్ము మన కథల్లోకి పూర్తిగా రాలేదు.

నీ కథలో ఒక్క వాక్యం నన్ను పట్టి ఆపింది. "పోయేముందు బియ్యం డబ్బా మూత తీసి, చెయ్యి అడుగుదాకా పెట్టి చూసింది." ఇది నువ్వు చూసి రాశావు, సందేహం లేదు. ఎందుకు చూసింది రవణమ్మ? తను లేకపోతే ఇంట్లోవాళ్ళకు ఎన్ని పూటలకొస్తాయనా? తనకు రెండు గిద్దెలు మూట కట్టుకుందామనా? ఆ చెయ్యి డబ్బాలో ఉండగానే కథ మళ్ళీ మొదలుపెట్టు. మైపాడు కొట్టెయ్.

నువ్వడిగిన కలం పేరు సంగతి తరవాత చూద్దాం. వచ్చే సోమవారం పదింటికి కావలి కోర్టు దగ్గరికి రా. నేనూ వస్తాను. ఆవరణలో పిల్లల్ని చంకనేసుకుని ఎదురుచూసేవాళ్ళ పక్కన కూర్చుని, ఏ బస్సుకు వచ్చారో, ఇంటి దగ్గర అన్నం ఎవరు వండుతున్నారో అడుగుదువుగాని. నోటు పుస్తకం తియ్యొద్దు, భయపడతారు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన