54 కిలోల వాడికి ‘కోర్సు’ దేనికి?

అడిగింది ఇదీ: వయసు 21, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 54 కిలోలు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఉంటున్నా. అక్క పెళ్లి మూడు నెలల్లో ఉంది. చుట్టాలంతా ‘పుల్ల’ అంటున్నారు. జిమ్ ట్రైనర్ 8 వారాల సూదుల కోర్సు వేస్తే జబ్బలు వస్తాయంటున్నాడు, వేయించుకోవచ్చా?

వద్దు తమ్ముడూ. జబ్బలు రావని కాదు, వస్తాయి. వాటితోపాటు వచ్చేవే ట్రైనర్ చెప్పడు. ఆ సూదుల్లో ఉండే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ బయటినుంచి పడగానే, ఒంట్లో కావలసినంత ఉందనుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు పంపడం తగ్గించేస్తుంది. అవి అందక వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. మగాడిలా కనపడాలని వేయించుకున్న సూది చేసే పని అది! ఆపేశాక మళ్లీ దారిలో పడటానికి కొందరికి నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది.

ఇంకోటి, ఎక్కువైన టెస్టోస్టెరాన్ కొంత ఈస్ట్రోజన్‌గా (ఆడ హార్మోన్) మారి చనుమొన కింద గ్రంథిని పెంచుతుంది. వెల్లకిలా పడుకుని, బొటనవేలు, చూపుడువేలు రెండు పక్కలా పెట్టి చనుమొన వైపు మెల్లగా దగ్గరకు తెచ్చి చూడు. రబ్బరు బిళ్లలా తగిలితే గ్రంథి, ఏమీ తగలకుండా మెత్తగా ఉంటే కొవ్వు. కొవ్వు బరువు తగ్గితే కరుగుతుంది. ముదిరిన గ్రంథి ఎన్ని బెంచ్ ప్రెస్‌లు కొట్టినా పోదు, ఆపరేషనే. (పదిహేనేళ్ల కుర్రాళ్లకి సూదుల్లేకుండానే ఇది వస్తుంది. చాలామందికి రెండేళ్లలోపు దానంతటదే తగ్గుతుంది.) సూది కాదు, మాత్రలే అంటాడేమో. అవి లివర్ మీద పడతాయి.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠావాళ్లని ఒకసారి చూడు. 40 కిలోల పైచిలుకు బస్తా వీపు మీద వేసుకుని నడుస్తారు, అందరికీ సినిమా పోస్టర్లో హీరోకున్న సిక్స్‌ప్యాక్ పొట్టేమీ ఉండదు. తాలింఖానాల్లో (పాతకాలపు వ్యాయామశాలలు) దండీలు, బస్కీలు తీసిన పాత వస్తాదుల్లో చాలామందికీ బొజ్జే ఉండేది. పోస్టర్లో పొట్ట షూటింగ్ రోజుకోసం నీళ్లు తగ్గించి, లైటింగ్ పెట్టి తీసింది.

నీ లోటు కంచంలో ఉంది. కండ పట్టాలంటే కిలో బరువుకి రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే నీకు 86 గ్రాములు. హాస్టల్ నీళ్లపప్పు గరిటెడులో కందిపప్పు 20 గ్రాములుంటే గొప్ప, దాన్నుంచి వచ్చేది 4 గ్రాములు. అన్నం కొండంత పెట్టుకుని ‘బాగానే తింటున్నా’ అనుకుంటావు, అంతే. లెక్క ఇలా వేసుకో: పొద్దున పెసరట్లు (పెసలు 80 గ్రాములు) 19, మూడు గుడ్లు 18, మధ్యాహ్నం చికెన్ పచ్చిది 150 గ్రాములు 30, గిన్నెడు పెరుగు 7, సాయంత్రం వేరుశెనగలు 40 గ్రాములు 10, రాత్రి గ్లాసు పాలు 8. మొత్తం 92. శనివారం చికెన్ ముట్టకపోతే దాని బదులు మీల్‌మేకర్ ఎండువి 50 గ్రాములు, 25 వస్తుంది. అన్నం మానకు, బరువు పెరగడానికి అదీ కావాలి.

క్రియాటిన్ మోనోహైడ్రేట్ (జిమ్‌కి వెళ్లేవాళ్లు వాడే పొడి) కావాలంటే రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదట్లో పెరిగే కిలో కండ కాదు, నీరు.

జిమ్‌కి వారానికి మూడు రోజులు: స్క్వాట్, బెంచ్, రో, ఓవర్‌హెడ్ ప్రెస్. ఒక్కోటి 3 సెట్లు, 8 నుంచి 12 సార్లు. మూడు సెట్లలోనూ 12 వచ్చాక 2.5 కిలోలు పెంచు. రోజూ జబ్బలే కొట్టేవాళ్లు ఆర్నెల్లకీ అక్కడే ఉంటారు. వారానికి పావుకిలో నుంచి అరకిలో పెరిగితే సరైన దారి. ఇంత తిన్నా ముల్లు కదలకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్ పరీక్ష చేయించు.

ఇప్పటికే ఒకటి రెండు సూదులు పడి ఉంటే దాచకుండా సూర్యారావుపేటలో ఎవరైనా ఎండోక్రైనాలజిస్టుని (హార్మోన్ల డాక్టరు) కలువు. టెస్టోస్టెరాన్‌కి రక్తం పొద్దున పదిలోపు పరగడుపున ఇవ్వాలి. లివర్ పరీక్షకి వారం ముందునుంచీ బరువులెత్తకు, కండలు నలిగినా ఆ అంకెలు పెరుగుతాయి.

పెళ్లికి వదులు చొక్కా వేస్తే ఇంకా పుల్లలా కనిపిస్తావు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర పడాలి. కొలతలు ఇప్పుడే ఇవ్వకు, చివరి నెలలో ఇవ్వు. కాకపోతే సీజన్లో టైలర్లు పదిహేను రోజులు అడుగుతారు, చూసుకో.